డిస్క్ కంట్రోలర్ డ్రైవర్ కోడ్ సమీక్ష

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో డిస్క్ కంట్రోలర్‌ను నడిపే కోడ్‌ను, అది కెర్నల్‌లో చేరకముందే, రాసినవారు కాక మరొకరు చదివి తప్పొప్పులు తేల్చడమే డిస్క్ కంట్రోలర్ డ్రైవర్ కోడ్ సమీక్ష. కెర్నల్‌లోని ఏ కోడ్‌కైనా సమీక్ష ఉంటుంది. డిస్క్ డ్రైవర్ల విషయంలో దాని బరువు వేరు. సౌండ్ డ్రైవర్‌లో తప్పుంటే పాట ఆగుతుంది, గ్రాఫిక్స్ డ్రైవర్‌లో తప్పుంటే తెర చెదురుతుంది. ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. డిస్క్ డ్రైవర్‌లో తప్పుంటే చాలాసార్లు ఏమీ జరిగినట్టే ఉండదు. కొన్ని నెలలకు ఒక ఫైల్ తెరిస్తే దాని నడుమ వేరే ఫైల్ ముక్క కనిపిస్తుంది. అప్పటికి బ్యాకప్‌లోకి చేరినదీ ఆ చెడిన ప్రతే.

అందుకే ఇక్కడ సమీక్షకుడి చూపు బాగా నడిచే దారి మీద కాదు, ఎప్పుడో గాని నడవని దారి మీద ఉండాలి. చదవడం, రాయడం సరిగ్గా జరుగుతున్నాయా అన్నది ఐదు నిమిషాల పరీక్షలో తేలిపోతుంది. కేబుల్ వదులైనప్పుడు, కంట్రోలర్ జవాబివ్వనప్పుడు, మెమరీ నిండిపోయినప్పుడు ఆ కోడ్ ఏం చేస్తుందో చాలాసార్లు కంటితో చదివి పట్టుకోవలసిందే.

డ్రైవర్ చేసే పని

ఒక ప్రోగ్రామ్ ఫైల్‌లో ఏదైనా రాస్తే ఆ మాట ఫైల్ సిస్టమ్‌కు, అక్కణ్ణించి బ్లాక్ లేయర్‌కు, చివరికి డ్రైవర్‌కు చేరుతుంది. డ్రైవర్ ఆ పనిని కంట్రోలర్‌కు అర్థమయ్యే కమాండ్‌గా మెమరీలో పేర్చి, డేటా ఎక్కడెక్కడ ఉందో చెప్పే చిరునామాల జాబితాను దానికి జతచేస్తుంది. తర్వాత కంట్రోలర్ రిజిస్టర్‌లో ఒక అంకె రాసి పని వచ్చిందని చెబుతుంది. ఆపైన ప్రాసెసర్ ప్రమేయం లేదు. కంట్రోలర్ తానే మెమరీలోకి వచ్చి డేటా తీసుకుంటుంది. దీన్ని డీఎంఏ అంటారు. పని ముగిశాక ఇంటరప్ట్ పంపుతుంది. ఈ రాకపోకల్లో రెండు వైపులా ఒకే మెమరీని ఒకేసారి చూస్తుంటాయి. చిక్కులన్నీ పుట్టేది అక్కడే.

ఏహెచ్‌సీఐ పద్ధతిలో నడిచే సాటా కంట్రోలర్‌కు ఒక్కో పోర్టుకు ఒకే క్యూ, అందులో 32 కమాండ్లు. 2011లో తొలి వెర్షన్ వెలువడిన ఎన్‌వీఎంఈ ప్రమాణం 65,535 క్యూల వరకూ, ఒక్కో క్యూలో 65,536 కమాండ్ల వరకూ అనుమతించింది. అలాంటి డిస్కుల వేగానికి లినక్స్‌లోని పాత ఒంటి క్యూ, ఒంటి లాక్ పద్ధతి చాలలేదు. 2014 జనవరిలో వచ్చిన 3.13 వెర్షన్‌లో ప్రాసెసర్‌కొక క్యూ ఉండే కొత్త బ్లాక్ లేయర్ చేరింది. 2019లో 5.0 నాటికి పాతదాన్ని పూర్తిగా తీసేశారు. ఈ మార్పు ధాటికి పాత పద్ధతిని నేరుగా వాడిన డ్రైవర్లను తిరగరాయాల్సి వచ్చింది, రాసిందల్లా మళ్లీ చదవాల్సి వచ్చింది.

క్యూ లోతు దగ్గరే సమీక్షకుడి తొలి ప్రశ్న ఉంటుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని కడప దాకా వచ్చే కె.సి. కెనాల్‌లో పై తూములు బారెడు తెరిస్తే చివరి ఆయకట్టు ఎండుతుందని కర్నూలు, కడప ప్రాంతాల రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. డిస్క్ క్యూలోనూ అదే తగువు. ఒక బ్యాకప్ వేల కొద్దీ రాతలు కుమ్మరిస్తే, ఎవరో తెరవబోయిన చిన్న ఫైల్ వాటి వెనక నిలబడిపోతుంది. లినక్స్‌లోని ఎంక్యూ-డెడ్‌లైన్ షెడ్యూలర్ చదివే పనికి 500 మిల్లీసెకన్లు, రాసే పనికి 5 సెకన్లు గడువు పెట్టేది అందుకే. కానీ కమాండ్ ఒకసారి కంట్రోలర్ లోపలికి వెళ్లిందంటే షెడ్యూలర్ చేతిలో ఏమీ ఉండదు. డ్రైవర్ తన క్యూ లోతు 1024 అని ప్రకటించుకుంటే, ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందని అడగాల్సిందే. మా చిప్ భరిస్తుంది అన్నది జవాబు కాదు. వెనక ఉన్న డిస్క్ భరించాలి.

చరిత్ర

1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ తర్వాత లినక్స్ అయిన తన కొత్త కెర్నల్ గురించి ప్రకటించినప్పుడు అది నడిపే డిస్కులు ఏటీ రకానివి మాత్రమే, ఎందుకంటే ఆయన దగ్గర ఉన్నవి అవే. డ్రైవర్ రాసేవాడూ, వాడేవాడూ, చదివేవాడూ ఒక్కడే అయిన రోజులవి. 1990ల మధ్యలో పీసీఐ ఐడీఈ చిప్‌లు వచ్చాక ఆ అమాయకత్వం పోయింది. సీఎండీ640, ఆర్‌జెడ్1000 అనే రెండు చిప్‌లు ముందుగా చదివిపెట్టుకునే బఫర్‌లో లోపం వల్ల కొన్ని సందర్భాల్లో డేటాను మౌనంగా పాడుచేసేవి. చిప్ మార్చడం కుదరదు కాబట్టి ఆ సౌకర్యాన్ని డ్రైవరే ఆపేయాల్సి వచ్చింది. హార్డ్‌వేర్ పత్రంలో రాసిందంతా నమ్మరాదన్న పాఠం డ్రైవర్ సమీక్షలో అప్పుడు చేరి ఇప్పటికీ పోలేదు.

సమీక్షను ఒక పద్ధతిగా మలిచింది ఐబీఎంలో మైకేల్ ఫాగన్. 1976లో ఆయన ప్రచురించిన తనిఖీ విధానంలో నలుగురు కూర్చుని, ఎవరి పాత్ర ఏమిటో ముందే అనుకుని, కోడ్‌ను వరసగా చదివేవాళ్లు. కెర్నల్ లోకంలో ఆ సమావేశం లేదు. ఎక్కడివాళ్లు అక్కడే ఉండి, ప్యాచ్‌ను, అంటే కోడ్‌లో చేసిన మార్పును, ఈమెయిల్‌లో చూసి, వరస కింద వరసలో వ్యాఖ్య రాస్తారు.

డ్రైవర్ల మీద అనుమానానికి లెక్కల ఆధారం 2001లో దొరికింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆండీ చౌ, డాసన్ ఎంగ్లర్ తదితరులు లినక్స్ కోడ్‌ను యంత్రంతో జల్లెడ పట్టి, కెర్నల్‌లోని మిగతా భాగాలకంటే డ్రైవర్లలో తప్పుల రేటు కొన్ని రకాల్లో మూడు నుంచి ఏడు రెట్లు ఎక్కువని తేల్చారు. పదేళ్ల తర్వాత, 2011లో, మరో బృందం అదే కొలత మళ్లీ తీసింది. డ్రైవర్ల పరిస్థితి బాగా మెరుగైంది. ప్రాసెసర్ రకాన్ని బట్టి మారే కోడ్ లాంటి చోట్ల తప్పుల రేటు అప్పటికి డ్రైవర్లను దాటిపోయింది. యంత్ర జల్లెడలూ, కంటి సమీక్షా రెండూ ముదిరిన దశాబ్దమది. ఘనత ఎవరికెంత అన్నది పంచి చెప్పడం కష్టం.

సమీక్ష జరిగే తీరు

లినక్స్‌లో సాటా డ్రైవర్లు, స్కజీ డ్రైవర్లు, ఎన్‌వీఎంఈ డ్రైవర్లు వేర్వేరు డైరెక్టరీల్లో, వేర్వేరు నిర్వాహకుల కింద ఉంటాయి. ప్యాచ్ పంపినవారు కింద తమ సంతకపు వరస పెడతారు. ఈ కోడ్ ఇచ్చే హక్కు తమకుందన్న హామీ అది. 2004లో, లినక్స్‌లో తన కోడ్ ఉందన్న ఎస్‌సీవో సంస్థ దావాల నేపథ్యంలో, ఈ ఆచారం మొదలైంది. సమీక్షించినవారు, పరీక్షించినవారు, సమ్మతించినవారు విడివిడిగా తమ పేర్లు చేరుస్తారు. పాత తప్పును సరిచేసే ప్యాచ్ అయితే, ఆ తప్పు ఏ మార్పుతో వచ్చిందో దాని గుర్తులోని మొదటి 12 అక్షరాలతో చెప్పాలి. నిర్వాహకుడు తీసుకున్నాక అది ఉమ్మడి పరీక్షా శాఖలోకి వెళ్లి, రెండు వారాల మెర్జ్ విండోలో టోర్వాల్డ్స్ శాఖకు చేరి, ఆపై ఏడు వారాలకు అటూ ఇటుగా విడుదలవుతుంది.

విండోస్‌లో ఈ పని సంస్థల నాలుగు గోడల మధ్య జరుగుతుంది. అక్కడ స్టోర్‌పోర్ట్ అనే ఉమ్మడి పొర బరువైన పనంతా మోసి, తయారీదారు రాసే ముక్కను చిన్నదిగా ఉంచుతుంది. లినక్స్‌లో లిబ్‌ఏటీఏ చేసేదీ అదే. సమీక్ష తేలిక కావాలంటే ముందు చదవాల్సిన కోడ్ తక్కువ కావాలి.

సమీక్షకుడు చూసేవి

అనుభవం ఉన్నవాళ్లు డ్రైవర్‌ను పైనుంచి కిందికి చదవరు. ముందు డ్రైవర్ మొదలయ్యే ఫంక్షన్‌కూ, దిగిపోయే ఫంక్షన్‌కూ వెళ్తారు. మొదలయ్యేటప్పుడు తీసుకున్న ప్రతి వనరునూ దిగేటప్పుడు తిరగేసిన వరసలో వదలాలి. మధ్యలో ఏ మెట్టు దగ్గర విఫలమైనా అప్పటిదాకా తీసుకున్నవే వదలాలి. వదిలే పనిని కెర్నల్‌కే అప్పగించే తేలిక దారి ఒకటి ఇప్పుడు వాడుకలో ఉంది. అందులో ఒక గుంట ఉంది. డ్రైవర్ తన చేత్తో మెమరీని ముందే విడిచేసి, ఇంటరప్ట్‌ను మాత్రం కెర్నల్ తర్వాత విడిపిస్తుందిలే అని వదిలేస్తే, ఆ రెంటి నడుమ వచ్చిన ఒక్క ఇంటరప్ట్ చాలు, విడిచేసిన మెమరీలోకి కాలు పెట్టడానికి.

డీఎంఏ దగ్గర చూసేవి చాలానే ఉన్నాయి. కంట్రోలర్ ఎన్ని బిట్ల చిరునామా అందుకోగలదో డ్రైవర్ చెప్పిందా? 32 బిట్ల చిప్ 4 జీబీ దాటిన మెమరీని చూడలేదు. మ్యాపింగ్ విఫలమైందేమోనని అడిగిందా? బఫర్‌ను ఫంక్షన్ స్టాక్ మీద పెట్టిందా? పూర్వం ఎక్స్86 మీద అది ఎలాగో నడిచిపోయేది. 2016 చివర్లో వచ్చిన 4.9లో కెర్నల్ స్టాక్‌ను వర్చువల్ మెమరీలోకి మార్చడంతో అలాంటి డ్రైవర్లు బయటపడ్డాయి. ఏళ్ల తరబడి నడిచింది కదా అన్న వాదన సమీక్షలో చెల్లదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మెమరీ అడిగే తీరు డిస్క్ డ్రైవర్లకు ప్రత్యేకమైన చిక్కు. మెమరీ నిండిపోతే కెర్నల్ ఇంకా డిస్కుకు చేరని పేజీలను రాసేసి చోటు ఖాళీ చేసుకుంటుంది. ఆ రాతను మోయాల్సింది డిస్క్ డ్రైవరే. అది కూడా మామూలు పద్ధతిలో మెమరీ అడిగితే, చోటు ఖాళీ అయ్యేదాకా ఆగు అంటుంది కెర్నల్. చోటు ఖాళీ కావాలంటే డ్రైవర్ నడవాలి, డ్రైవర్ నడవాలంటే చోటు కావాలి. యంత్రం అలాగే బిగుసుకుపోతుంది. కాబట్టి రాత దారిలో మెమరీ అడిగే ప్రతి చోటా ‘డిస్కు జోలికి పోకుండా ఇవ్వు’ అనే గుర్తు ఉందా, లేదా ముందే దాచిపెట్టుకున్న నిల్వ ఉందా అని చూస్తారు. 16 జీబీ ఉన్న డెవలపర్ ల్యాప్‌టాప్ మీద ఈ తప్పు ఎన్నటికీ కనిపించదు.

కంట్రోలర్ మాయమైపోవచ్చు కూడా. పీసీఐ పరికరం ఊడిపోతే దాని రిజిస్టర్ చదివినప్పుడు అన్ని బిట్లూ 1లుగా వస్తాయి. ‘సిద్ధం’ అనే బిట్ 1 అయిందా అని మాత్రమే చూసే కోడ్, లేని పరికరాన్ని సిద్ధంగా ఉందనుకుంటుంది. ‘తీరిక లేదు’ అనే బిట్ 0 అయ్యేదాకా తిరిగే కోడ్, గడువు పెట్టకపోతే తిరుగుతూనే ఉంటుంది. సమీక్షలో గడువు లేని ఎదురుచూపు కనిపిస్తే ఇక మిగతాది చదవకుండానే తిప్పి పంపే నిర్వాహకులున్నారు, వాళ్లను తప్పుపట్టలేం.

ఇంటరప్ట్ కోడ్‌లో నిద్రపోయే ఫంక్షన్‌ను పిలవకూడదు. ఆ ఇంటరప్ట్ తనది కాకపోతే కాదని చెప్పాలి. అన్నిటికీ నాదేనంటే అదే తీగ మీద ఉన్న మరో పరికరం లోపం కప్పబడిపోతుంది. ఏ ఒక్కటీ నాది కాదంటే కెర్నల్ కాసేపు చూసి ఆ తీగనే మూసేస్తుంది, దానితో డిస్క్ కూడా ఆగిపోతుంది.

గడువు దాటిన కమాండ్

ఒక కమాండ్‌కు కెర్నల్ మామూలుగా 30 సెకన్లు ఇస్తుంది. అప్పటికీ జవాబు రాకపోతే స్కజీ పొర ముందు ఆ కమాండ్‌ను రద్దు చేయమంటుంది. కుదరకపోతే ఆ డిస్క్‌ను, అదీ కుదరకపోతే మొత్తం కంట్రోలర్‌ను రీసెట్ చేయమంటుంది. సరిగ్గా 30వ సెకను చివర, రద్దు మొదలవుతున్న క్షణంలోనే అసలు జవాబు వస్తే? ఈ ప్రశ్నకు డ్రైవర్ దగ్గర తడబడని సమాధానం ఉండాలి.

కథ అంతటితో అయిపోదు. ప్రతి కమాండ్‌కూ ఒక గుర్తు సంఖ్య ఉంటుంది, పని ముగిశాక అదే సంఖ్య కొత్త కమాండ్‌కు వెళ్తుంది. రద్దయిన పాత కమాండ్‌కు ఆలస్యంగా వచ్చిన జవాబును కొత్త కమాండ్ జవాబుగా తీసుకుంటే, ఇంకా రాని డేటాను వచ్చిందని ప్రోగ్రామ్‌కు ఇచ్చేసినట్టు. లినక్స్ ఎన్‌వీఎంఈ డ్రైవర్‌లో 2021లో దీనికొక మందు వేశారు. 16 బిట్ల గుర్తులో 12 బిట్లు సంఖ్యకు ఉంచి, 4 బిట్లలో ఒక తరం లెక్క పెట్టారు. అదే సంఖ్య మళ్లీ వాడినప్పుడల్లా తరం మారుతుంది, పాత తరం పేరుతో వచ్చిన జవాబును డ్రైవర్ పారేస్తుంది. ప్రమాణం ప్రకారం ఆ 16 బిట్లలో ఏముండాలన్నది పూర్తిగా డ్రైవర్ ఇష్టం. అయినా యాపిల్ కంట్రోలర్లలో కొన్ని, గుర్తు క్యూ లోతును మించదన్న నమ్మకంతో తయారైనవి, ఈ మార్పుతో తికమకపడ్డాయి. వాటికోసం ఆ తనిఖీని ఆపేసే మినహాయింపు చేర్చాల్సి వచ్చింది. సమీక్షించినవాళ్ల తప్పేమీ లేదు. ప్రపంచంలోని కంట్రోలర్లన్నీ ఎవరి బల్ల మీదా ఉండవు.

రాశాను అన్న మాట

డిస్క్ లోపల కొంత క్యాష్ మెమరీ ఉంటుంది. డేటా అందులోకి చేరగానే డిస్క్ ‘రాశాను’ అంటుంది. అసలు పళ్లెం మీదికో, ఫ్లాష్ చిప్‌లోకో చేరేది తర్వాత. ఈలోగా కరెంటు పోతే ఆ డేటా లేదు. ఫైల్ సిస్టమ్‌కు నిజంగా రాసినట్టు హామీ కావాల్సినప్పుడు ఫ్లష్ కమాండ్ పంపుతుంది, లేదా ‘ఇది నేరుగా రాయి’ అనే గుర్తు పెడుతుంది. 2010లో 2.6.37 కోసం చేసిన మార్పుల్లో పాత బారియర్ పద్ధతి పోయి ఇదే స్థిరపడింది. డ్రైవర్ చేయాల్సిందల్లా తన డిస్కుకు అలాంటి క్యాష్ ఉందో లేదో బ్లాక్ లేయర్‌కు నిజం చెప్పడం. లేదని చెబితే ఫ్లష్‌లు రావు, వేగం పెరుగుతుంది, పరీక్షల్లో అంకెలు బాగుంటాయి. ఒక ప్యాచ్‌తో వేగం అనుమానం వచ్చేంతగా పెరిగితే ముందు చూడాల్సిన చోటిది.

బైట్ల వరస: ఒక దగ్గరి చూపు

చిన్న తప్పు ఎలా ఉంటుందో చూడడానికి ఏహెచ్‌సీఐ_సేవా అనే డ్రైవర్ మంచి నమూనా. జైలింక్స్ వారి జింక్ అల్ట్రాస్కేల్‌ప్లస్ చిప్‌లో ఉన్న సాటా కంట్రోలర్‌కోసం 2015లో ఇది కెర్నల్‌లో చేరింది. ఉమ్మడి పొర చాలా పని చేసిపెడుతుంది కాబట్టి ఇందులో కోడ్ కొంచెమే. ఆ కంట్రోలర్‌కు డిస్కును గాఢనిద్రలోకి పంపే సౌకర్యం లేదు. డిస్క్ మాత్రం నాకు ఆ సౌకర్యం ఉందని తన పరిచయ పత్రంలో, 78వ పదం 8వ బిట్‌లో, చెబుతుంది. కాబట్టి ఆ పత్రం చదవగానే డ్రైవర్ ఆ ఒక్క బిట్‌ను 0 చేస్తుంది.

పని ఒక్క వరసలో అయిపోతుంది. కానీ డిస్క్ పంపే పత్రం లిటిల్ ఎండియన్ వరసలో, అంటే తక్కువ విలువ బైటు ముందుగా, ఉంటుంది, ప్రాసెసర్ వరస వేరే కావచ్చు. కాబట్టి తుడిచే గుర్తును కూడా ఆ వరసలోకి మార్చి వాడాలి, ఆ డ్రైవర్ అలాగే వాడింది. చిక్కల్లా పత్రం రకాన్ని మామూలు 16 బిట్ల అంకెగా ప్రకటించడంలో ఉండేది. స్పార్స్ అనే తనిఖీ సాధనం ఇలాంటి చోట ఒక వరస అంకెను మరో వరస అంకెతో కలుపుతున్నావు అని హెచ్చరిస్తుంది. తర్వాతి ఏళ్లలో ఉమ్మడి పొరలోనే ఆ రకాన్ని లిటిల్ ఎండియన్ అంకెగా మార్చి సరిచేశారు. నడిచే కోడ్ ఒక్క బైటు కూడా మారలేదు. చదివేవాడికీ యంత్రానికీ ఇక అనుమానం లేదు.

ఇదే డ్రైవర్‌లో మొదట సిగ్నల్ సమయాలకు సంబంధించిన కొన్ని అంకెలు కోడ్‌లోనే గట్టిగా రాసి ఉండేవి. అవి ఒక గడియారం వేగానికి మాత్రమే సరిపోతాయి. 2017లో వాటిని బోర్డు వివరాలుండే డివైస్ ట్రీలోకి తరలించారు. కోడ్‌లో ఎక్కడైనా వివరణ లేని అంకె కనిపిస్తే ఇది చిప్‌దా, బోర్డుదా, లేక ఆ రోజు బల్ల మీద ఉన్న నమూనాదా అని అడగడం సమీక్షకుడికి అలవాటు కావాలి.

2018 నాటి తప్పు

2018 అక్టోబరులో 4.19 వెర్షన్ వచ్చింది. స్కజీ డిస్కులకు కొత్త బహుళ క్యూల దారిని అప్రమేయంగా చేసిన వెర్షన్ అది. నవంబరులో కొందరి ఫైల్ సిస్టమ్‌లు చెడడం మొదలైంది. అనుమానం ముందుగా పడింది ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ మీద, ఎందుకంటే దెబ్బ కనిపించింది అక్కడ. దాన్ని చూసే థియొడార్ త్సోకు ఎంత వెతికినా అందరి దగ్గరా ఒకే తీరు దొరకలేదు. కొందరికి గంటల్లో వస్తుంది, కొందరికి అసలు రాదు.

డిసెంబరు మొదట్లో బ్లాక్ లేయర్ నిర్వాహకుడు జెన్స్ ఆక్స్‌బో మూలం పట్టుకున్నారు. షెడ్యూలర్ లేకుండా నడిచేటప్పుడు కెర్నల్ ఒక పనిని నేరుగా డ్రైవర్ చేతికి ఇచ్చి చూస్తుంది. డిస్క్ తీరికగా లేదంటే ఆ పనిని వెనక్కి తీసుకుని మామూలు క్యూలో పెడుతుంది. అప్పటికే స్కజీ పొర ఆ పనికి సంబంధించిన చిరునామాల జాబితా తయారు చేసేసి ఉండవచ్చు. క్యూలో ఉండగా పక్క సెక్టార్లకు చెందిన మరో పని వచ్చి ఇందులో కలిసిపోతుంది. మళ్లీ వంతు వచ్చినప్పుడు పాత జాబితాతోనే కమాండ్ వెళ్తుంది. మొదటి భాగం మాత్రమే డిస్కుకు చేరుతుంది, కలిసిన భాగం చేరదు. పని మొత్తం అయిపోయినట్టు జవాబు మాత్రం వస్తుంది. 4.19.8తో దిద్దుబాటు విడుదలైంది.

ఇక్కడ బ్లాక్ లేయర్ కోడ్‌ను విడిగా చదివితే తప్పు లేదు, స్కజీ కోడ్‌ను విడిగా చదివినా లేదు. ఒకరు ‘వెనక్కి వచ్చిన పని కొత్తదాంతో సమానం’ అనుకున్నారు, మరొకరు ‘ఒకసారి సిద్ధం చేసిన పని మారదు’ అనుకున్నారు. ప్యాచ్‌లో మారిన వరసలు మాత్రమే చూసే సమీక్షకు ఇలాంటిది దొరకదు. ఆ వరసలను పిలిచేవాళ్లూ, అవి పిలిచేవాళ్లూ ఏమనుకుంటున్నారో వెళ్లి చదవాలి. పని వెనక్కి రావడమన్నది ఇక్కడా నడవని దారే.

2015లో అల్గోలియా అనే సెర్చ్ సంస్థ సర్వర్లలో డేటా చెడినప్పుడు కూడా వేలు ముందుగా చూపించింది శాంసంగ్ ఎస్‌ఎస్‌డీల వైపు. చివరికి శాంసంగ్ ఇంజనీర్లే వెతికి, తప్పు కెర్నల్ రెయిడ్ కోడ్‌లో, ఖాళీ చోటును డిస్కుకు తెలిపే ట్రిమ్ దారిలో ఉందని చూపించి దిద్దుబాటు ఇచ్చారు. డిస్క్ చెడింది అన్న మాట వినగానే సాఫ్ట్‌వేర్ వాళ్లు ఊపిరి పీల్చుకోవడం తొందరపాటే.

తోడు నిలిచే సాధనాలు

లాక్‌ల వరస తప్పితే లాక్‌డెప్ చెబుతుంది. విడిచేసిన మెమరీని ముట్టుకుంటే కేఏశాన్ పట్టుకుంటుంది. స్కజీ_డీబగ్ అనే మాడ్యూల్ మెమరీనే డిస్కుగా చూపించి, అడిగినప్పుడల్లా లోపాలు పుట్టిస్తుంది. డీఎం-లాగ్-రైట్స్ ప్రతి రాతనూ వరసగా నమోదు చేసి, కరెంటు ఈ క్షణంలో పోతే డిస్క్ ఎలా ఉండేదో మళ్లీ కట్టి చూపిస్తుంది. ఇంటెల్ నడిపే పరీక్షా యంత్రం కొత్త ప్యాచ్‌లను ఎడతెగకుండా కంపైల్ చేసి, విరిగినచోట రాసినవారికే ఉత్తరం పంపుతుంది. ఇవి చేసే పనిని మనిషి మళ్లీ చేయడం దండగ. ట్యాబ్‌లు, ఖాళీల గురించి పది వ్యాఖ్యలు రాసి రీసెట్ దారిని చదవకుండా వదిలేసిన సమీక్షలు తక్కువేమీ కావు.

2022 డిసెంబరులో 6.1తో రస్ట్ భాషకు కెర్నల్‌లో చోటు దొరికింది. ఆ భాషలో ఎన్‌వీఎంఈ డ్రైవర్ ప్రయోగాలు కూడా జరిగాయి. విడిచేసిన మెమరీని వాడడం లాంటి తప్పులను కంపైలరే ఆపుతుంది. పని వచ్చిందని కంట్రోలర్‌కు ఎప్పుడు చెప్పాలి, ఫ్లష్ ఎప్పుడు పంపాలి అన్నవి ఏ భాషలో రాసినా మనిషి చూడాల్సినవే.

తెలుగు నేల మీద

ఈ రంగంలో తెలుగువారి పని ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు కార్యాలయాల్లో సాగుతుంది. పైన చెప్పిన జైలింక్స్‌కు హైదరాబాదులో పెద్ద అభివృద్ధి కేంద్రం ఉండేది. 2022లో ఆ సంస్థను ఏఎండీ కొన్నది. మెమరీ, ఎస్‌ఎస్‌డీలు తయారుచేసే మైక్రాన్ 2019లో హైదరాబాదులో కేంద్రం తెరిచింది. సర్వర్లలో విరివిగా కనిపించే మెగారెయిడ్ కార్డులు అమెరికన్ మెగాట్రెండ్స్‌లో పుట్టి, 2001లో ఎల్‌ఎస్‌ఐకి, ఆ తర్వాత బ్రాడ్‌కామ్ గొడుగు కిందికి వచ్చాయి. వాటి లినక్స్ డ్రైవర్ల నిర్వాహకుల పట్టికలో భారతీయుల పేర్లే ఎక్కువ.

హైదరాబాదు, బెంగళూరులను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి మీదే కర్నూలు ఉంది. ఊరి బయట జగన్నాథగట్టు మీద ఉన్న, 2015లో మొదలైన ట్రిపుల్‌ఐటీడీఎం, కడప జిల్లా ఇడుపులపాయలో 2008 నుంచి ఉన్న ఆర్‌జీయూకేటీ, రెండు జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీలు ఏటా కంప్యూటర్ సైన్స్ విద్యార్థులను ఆ నగరాలకు పంపుతున్నాయి. డ్రైవర్ పని నేర్చుకోవాలంటే ఖరీదైన కార్డులు కొనాలేమో అన్న భయం అక్కర్లేదు. క్యూఈఎంయూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏహెచ్‌సీఐ, ఎన్‌వీఎంఈ, మెగారెయిడ్ కంట్రోలర్లను మామూలు ల్యాప్‌టాప్ మీదే అనుకరిస్తుంది. ఎంఐటీ పాఠం కోసం రాసిన ఎక్స్‌వీ6 కెర్నల్ పాత వెర్షన్‌లో ఐడీఈ డిస్క్ డ్రైవర్ మొత్తం రెండు వందల వరసల లోపే. ఒక మధ్యాహ్నం కూర్చుంటే చదవవచ్చు. అందులో గడువు లేని ఎదురుచూపు ఎక్కడుందో వెతకడం మొదటి పాఠంగా సరిపోతుంది.

కడప పక్కన కొప్పర్తి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. అలాంటి కెమెరాల చిత్రాలను దాచే రికార్డర్ పెట్టెల్లో సాధారణంగా ఒక సాటా డిస్క్, దాన్ని నడిపే చిప్, లోపల లినక్స్ ఉంటాయి. రాత్రింబవళ్లు రాస్తూ, కరెంటు పోయి వస్తూ ఉండే చోట నడిచే డిస్క్ డ్రైవర్లవి. వాటిలో చాలా పెట్టెలు చిప్ తయారీదారు ఇచ్చిన పాత కెర్నల్‌తోనే అమ్ముడవుతాయి. అందులోని డ్రైవర్‌లో ప్రధాన కెర్నల్ సమీక్షకులు చూడని మార్పులుంటాయి, తర్వాతి ఏళ్ల దిద్దుబాట్లు ఉండవు. లినక్స్ కెర్నల్ జీపీఎల్ లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉంది కాబట్టి, పెట్టె అమ్మినవారు అందులోని కెర్నల్ సోర్స్ అడిగితే ఇవ్వాలి. దాన్ని తెచ్చి, సాటా డ్రైవర్ ఫైల్‌ను నేటి ప్రధాన కెర్నల్‌లోని ఫైల్‌తో పక్కపక్కన పెట్టి, ఏ దిద్దుబాట్లు చేరలేదో, అవి రీసెట్ దారిలోవా, ఫ్లష్ దారిలోవా అని జాబితా రాయడం ఫైనలియర్ ప్రాజెక్టుకు తగినంత పని.